బాపు ఊపిరి కోసం తవ్విన గుంట

నాకు కోపం ఎక్కువ. ఇది నేను చెప్పుకునే గొప్ప కాదు, మా రూట్లో బస్సెక్కే వాళ్లందరికీ తెలిసిన సంగతి. కండక్టర్‌గా చేరిన నాటి నుంచీ నా గొంతు నాకంటే ముందు నడిచేది. ఆడవాళ్లకు బస్సు ఉచితమన్న కొత్తలో కాలు పెట్టే జాగా ఉండేది కాదు. ఆధార్ కార్డు చూపమంటే ఒకామె సంచి అడుగుదాకా వెతికేది. ఇంకొకామె నిన్న చూపిన కదా అని నా మీదికే లేచేది. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లు ఎంత మొత్తుకున్నా లోపలికి జరిగేవాళ్లు కాదు. ఒకరోజు నార్కట్‌పల్లి దాటాక కళ్లు తిరిగి, సీటు కమ్మీ పట్టుకుని కూలబడ్డాను. దవాఖానలో డాక్టరమ్మ బీపీ చూసి మాత్రలు రాసింది. మాత్రలతో పాటు ఊపిరి మీద ధ్యాస పెట్టడం కూడా నేర్చుకో, లేకపోతే ఈ కోపమే నిన్ను తింటుందని చెప్పింది.

నార్కట్‌పల్లిలో ఒక ఫంక్షన్ హాలు మేడ మీద పొద్దున పూట శ్వాస సాధన చేయించే సారు ఉండేవాడు. రిటైరైన బడిపంతులు. 'వెన్ను నిటారుగా ఉంచండి, కనులు మూసుకొని శ్వాసను గమనించండి' అని పుస్తకం చదివినట్టు చెప్పేవాడు. నేను కళ్లు మూసుకుంటే శ్వాస కనిపించలేదు, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లే కనిపించారు. నవ్వొచ్చేది. మానేద్దామనుకుంటూనే పోయాను. సారు ఒకటే పట్టు పట్టేవాడు: తీసుకోవడం కంటే విడవడం నెమ్మదిగా ఉండాలి, వేడి చాయ్ మీద ఊదినట్టు పెదవుల సందు నుంచి పోనివ్వాలి, మొత్తం పోయేదాకా తొందరపడొద్దు. కొన్నాళ్లకు ఒక పొద్దున అట్లా విడుస్తుంటే ఏ కారణమూ లేకుండా ఏడుపొచ్చింది. పక్కవాళ్లు వింటారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. సారు దగ్గరికి వచ్చి, 'రానివ్వమ్మా, అది కూడా గాలితోనే పోతుంది' అన్నాడు. ఆ రోజు బస్సులో ఎవరి మీదా అరవలేదు. మరునాడు మళ్లీ అరిచాను, అది వేరే విషయం. కానీ అరిచే ముందు ఒక క్షణం దొరికేది. ఆ క్షణం నాకు అంతకుముందు లేదు.

ఆ తర్వాత వచ్చిన చలికాలంలో బాపుకు, మా నాన్నకు, దమ్ము పట్టి ఆయాసం మొదలైంది.

మా ఇల్లు రామన్నపేట దగ్గర, నేతపని వాళ్ల వాడలో. బాపు మీసాలు రాకముందే గుంట మగ్గంలో కాళ్లు పెట్టాడు. గుంట మగ్గమంటే నేలలో తవ్విన గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి, అడుగున ఉన్న తొక్కుడు కర్రలు తొక్కుతూ నేసేది. నూలు ఎండితే పోగు తెగుతుందని మగ్గాల గదికి కిటికీ తెరవరు. ఆ మూసిన గదిలో నూలు నుంచి లేచిన నూగు ఎటూ పోదు. బాపు కనుబొమల మీద, చెవుల మీద తెల్లగా నూగు లేని రోజు నాకు గుర్తు లేదు. చిన్నప్పుడు మేం దాన్ని ఊది ఎగరేసి ఆడుకునేవాళ్లం.

ఆయన మాటకారి. మగ్గంలో కూర్చునే వాడలో పోయేవాళ్లందరినీ ఆటపట్టించేవాడు. కొత్త అంగీ వేసుకున్నవాణ్ని పెళ్లికొడుకా అని పిలిచేవాడు. అమ్మ వంటకైతే రోజుకో వంక పెట్టేవాడు, మళ్లీ రెండోసారి వడ్డించుకునేవాడు. నా పెళ్లి నిలబడక నేను పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ రోజు, వాడంతా తొంగి చూస్తుంటే, ఆయన ఏమీ అడగలేదు. 'నీళ్లు కాగినయ్, తానం చేసి రాపో, తిందాం' అన్నాడు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు. బాపు అంటే నాకు ఎంత ప్రేమో చెప్పడానికి ఇంతకంటే మాటలు లేవు.

అట్లాంటి మనిషికి ఒకటి రెండు మాటలకోసారి ఆగాల్సి వచ్చింది. 'అన్నం', కాసేపాగి 'పెట్టు'. 'ఎండ', కాసేపాగి 'ముదిరింది'. ఆటపట్టించాలంటే ఊపిరి కావాలి. నల్లగొండ పెద్ద దవాఖానలో ఫోటోలు తీసి, గొట్టంలో ఊదించి, డాక్టరు నాతో విడిగా మాట్లాడాడు. నూలు నూగుతో ఊపిరితిత్తులు చాలా వరకు దెబ్బతిన్నాయి. పోయింది తిరిగి రాదు. మిగిలిన దాన్ని కాపాడుకోవాలి. మగ్గం మానాలి, మందు పీల్చాలి, రోజూ శ్వాస సాధన చేయాలి. ఆ మిగిలినదాన్ని పోనివ్వనని నాకు నేనే మాటిచ్చుకున్నాను. ఇంక అప్పటి నుంచి నా ఫికరంతా అదే.

'ఊపిరి తీసుడు నేర్పుతరా? పుట్టినప్పుడు... ఎవలు నేర్పిండ్రు?' అన్నాడు బాపు బస్సులో. నవ్వబోయి దగ్గాడు.

అయినా సారు దగ్గరికి ఒకరోజు వచ్చాడు. మేడ మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకున్నాడు. సారు చెప్పిన దాంట్లో చాలా భాగం ఆయనకు ఎక్కలేదని మొహం చూస్తే తెలిసింది. చివర్లో సారు అందరికీ చెప్పినట్టే చెప్పాడు: 'ఇంట్లో మీ మనసుకు నిశ్చింతగా ఉండే చోటు ఒకటి చూసుకోండి. రోజూ అక్కడే కూర్చోండి. కూర్చునే ముందు ఆ చోటు శుభ్రం చేసుకోండి.' ఈ మాటకు బాపు తల ఊపాడు. ఇంటికి వచ్చేటప్పుడు, 'సారు మంచోడు... నేను చేసుకుంట... నువ్వు డూటీకి పో' అన్నాడు.

నేను చీకటితోనే ఇల్లు వదిలేదాన్ని. సాయంత్రం రాగానే చేసినవా బాపూ అంటే చేసిన అనేవాడు. కానీ ఉగాది నాటికి మంచం నుంచి స్నానాల గదికి పోవడానికి కూడా మధ్యలో గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. డాక్టరు కాగితాలు మార్చి మార్చి చూశాడు. మగ్గం మానినా ఊపిరి ఎందుకు ఇంత తొందరగా తగ్గుతోందో ఆయనకూ అర్థం కాలేదు. నాకు మాత్రం అర్థమైందనుకున్నాను. ఇంటికొచ్చి బాపు మీద విరుచుకుపడ్డాను.

'చేస్తలేవు నువ్వు! నాతోని చేస్తున్నని అబద్ధాలాడుతున్నవ్!'

'పొద్దు తప్పకుంట... చేస్తున్న బిడ్డా. మీ అమ్మనడుగు.' ఆయన మొహం చిన్నబోయింది.

అమ్మ, 'చేస్తుండే పాపం, నా కండ్ల ముంగటనే చేస్తుండు' అంది.

ఆ తర్వాతి సెలవు రోజు పొద్దున నేను లేచేసరికి బాపు మంచం మీద లేడు. మగ్గాల గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల చీపురు చప్పుడు వినిపించి తలుపు తోశాను. బాపు వంగి, ఆగి ఆగి, నేలంతా ఊడుస్తున్నాడు. తర్వాత సగంలో ఆగిపోయిన చీర మీది దుమ్మును పాత గుడ్డతో దులిపాడు. పూజ గది సర్దినంత శ్రద్ధగా ఉంది ఆయన పని. పై పెంకు సందులో నుంచి పడుతున్న ఎండలో నూగు ఆడుతోంది. ఒక మూల అమ్మ రాట్నం తిప్పుతూ, పక్క మగ్గాల వాళ్ల కోసం కండెలకు నూలు చుడుతోంది. బాపు మెల్లగా గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, వెన్ను నిలబెట్టి, కళ్లు మూసుకుని, ఆ గాలిని ఎంత పీల్చగలడో అంత లోపలికి పీల్చాడు.

బస్సంతా వినిపించేలా అరిచే నాకు గొంతు రాలేదు. ఆయన ఇంకోసారి పీల్చబోతుంటే, 'వద్దు బాపూ' అని మాత్రం అనగలిగాను. కళ్లు తెరిచి నన్ను చూసి సంబరపడ్డాడు. 'చూసినవా... చేస్తలేనంటివి' అన్నాడు.

నేను గడప మీదే కూలబడి ఏడ్చాను. నెలల తరబడి ఆయన చేసింది ఇదే. వద్దన్న నూగునే, ఊడ్చి, దులిపి, లేపి, సాధనగా లోపలికి తీసుకున్నాడు. అమ్మ రాట్నం ఆపింది. నేను చెప్పింది విన్నాక బాపు ఎండ పడుతున్న చోటు వైపు చాలాసేపు చూశాడు.

'గిదంత... లోపలికి పోయిందా?'

నేను తల ఊపాను.

'గా సారు... మనసు నిమ్మలమున్న జాగల కూసోమన్నడు. నాకు... గీడ కాకుంటె... ఇంకేడుంటది?'

సారు తప్పు చెప్పలేదు. బాపు తప్పు వినలేదు. ఎవరి మీద కోపపడాలో తెలియకపోవడం నాలాంటి దానికి పెద్ద శిక్ష. ఆ రోజంతా గిన్నెల మీద చూపించాను.

మరునాటి నుంచి వసారాలో కుర్చీ వేసి, సారు చెప్పినట్టు నేనే చేయించడం మొదలుపెట్టాను. పొద్దున డ్యూటీలు మార్పించుకుని మధ్యాహ్నం డ్యూటీలు తీసుకున్నాను. కుర్చీలో ఆయనకు కుదరలేదు. మోకాళ్లు పైకి లేచి, నడుము కూలి, కడుపు మడత పడేది. మంచం మీద కూర్చోబెడితే ముందుకు వాలిపోయేవాడు. నేల మీద కూర్చుంటే కాళ్లు పట్టేసేవి. బతుకంతా గుంట అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్న ఒళ్లు అది. ఇంకో రకంగా కూర్చోవడం దానికి రాదు.

'నాకొక గుంట తవ్వియ్యి... బిడ్డా. బయట. గాలికి' అన్నాడు ఒకరోజు.

పెరట్లో మునగచెట్టు పక్కన తవ్వుదామని గడ్డపార తీస్తుంటే అమ్మ అడ్డం నిలబడింది. నా జన్మలో అమ్మ నా మీద అంత గట్టిగా లేవలేదు.

'మనిషి బతికుండంగ ఇంట్ల గుంత తవ్వుతరానే? రోగమొచ్చినోన్ని ముంగట పెట్టుకొని? సదువుకున్నదానివి, గంత సోయి లేదా నీకు?'

'మగ్గం గుంటసొంటిదే గదమ్మా.'

'మగ్గముంటె మగ్గం గుంట. మగ్గం లేకుంటె అది ఏం గుంతనో వాడోళ్లనడుగు, చెప్తరు.'

వాడవాళ్లు అడగకుండానే చెప్పారు. గోడ మీంచి చూసి, ఇది మంచి శకునం కాదన్నారు. నేను పళ్లు బిగించి తవ్వాను. మా నేల మొరం, గడ్డపార దిగదు. రెండు చేతులూ బొబ్బలెక్కాయి. బాపు మంచం మీద కూర్చుని, వేలితో చూపిస్తూ, 'జర లోతు', 'గంతే', 'అంచు సాపు' అంటూ కొలతలు చెప్పాడు. అమ్మ ఆ రెండు రోజులూ నాతో మాట్లాడలేదు, నాకు అన్నం మాత్రం ముందే పెట్టింది. గుంట పూర్తయిన మరునాడు లేచి చూస్తే, ఆమె దాని లోపలంతా పేడతో అలికి, అంచుకు ఎర్రగా జాజు పూసి, చుట్టూ సన్నగా ముగ్గు వేసింది. ఎవరైనా చూస్తే మా ఇంటి గడపో, తులసి గద్దెనో అనుకోవాలి, మరొకటి అనుకోకూడదు.

బాపు అందులోకి కాళ్లు దించి కూర్చోగానే భుజాలు కిందికి దిగాయి. నేను ఎదురుగా కూర్చున్నాను. సారు లెక్కబెట్టించినట్టు లెక్కబెట్టిస్తే బాపుకు గాబరా అయ్యేది, అందుకే అంకెలు వదిలేశాను. 'లోపలికి' అనేదాన్ని, ఆయన తీసుకునేదాకా ఆగేదాన్ని. 'ఇగ ఇడువు' అనేదాన్ని. తీసుకోవడం ఆయనకు కష్టం కాలేదు, విడవడమే కష్టమైంది. సగం విడిచి ఆపేసేవాడు, మళ్లీ గబుక్కున పీల్చేవాడు. ఎందుకట్లా అంటే చాలా రోజులు చెప్పలేదు. ఒకరోజు తలవంచుకుని చెప్పాడు.

'మొత్తం ఇడిస్తె... మల్ల రాదేమోనని... భయమైతాంది బిడ్డా.'

మా బాపు భయమన్న మాట అనగా నేను అప్పుడే విన్నాను. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టి, సారు నాకు చెప్పింది నా మాటల్లో చెప్పాను. లోపల చెడిన గాలి కదలకుండా కూర్చుంది బాపూ, అది లేస్తేనే కొత్తదానికి జాగా. నువ్వు ఇడువు. మల్ల వస్తది. నేను పిలుస్త, వస్తది. ఆయన నా కళ్లలోకి చూస్తూ పెదవులు సున్నాలా చుట్టి, వేడి చాయ్ మీద ఊదినట్టు ఊదాడు. ఊదుతూనే ఉన్నాడు. అయిపోయింది. ఆయన కళ్లలో బెదురు కనిపించింది. 'లోపలికి బాపూ' అన్నాను. వచ్చింది.

అట్లా రోజూ. వాన పడితే గుంట మీద తాడిపత్రి పట్టా కప్పేవాళ్లం, వెలిసిన వెంటనే నీళ్లు తోడి, అమ్మ మళ్లీ అలికేది. నా బీపీ సంగతి నాకు పట్టలేదు, కానీ ఆయనతో పాటు నేనూ చేసేదాన్ని కనుక అదీ దిగింది. కొంత కాలానికి ఆయన పెరడు దాటి వాకిట్లోకి రాగలిగాడు. డాక్టరు పరీక్ష చేసి, ఊపిరి పెరగలేదు కానీ తగ్గడం ఆగింది, అదే గొప్ప అన్నాడు. ఆ రోజు బస్సులో ఎవరు ఏమన్నా నవ్వాను.

బతుకమ్మ పండుగ ముందు ఒక పొద్దున, సాధన అయ్యాక, బాపు గుంటలో నుంచే వంటింటి వైపు తిరిగి ఒక్క ఊపిరిలో ఆగకుండా అన్నాడు:

'ఏందే, గుంతల పడ్డ మొగుడు ముచ్చట చెప్తుంటె చాయ్ తేకుంట లోపల ఏం చేస్తున్నవే?'

ఒక పూర్తి మాట, ఒక్క ఊపున. అమ్మ వంటింట్లో నుంచి గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. 'నీ నోరు పడిపోను, గా మాట అనొచ్చునా' అని తిట్టింది. తిడుతూనే గుంట అంచున కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బాపు ఆమె నెత్తి మీద చేయి పెట్టి, ఇంకో మాటకు ఊపిరి సరిపోక, నవ్వుతూ ఉండిపోయాడు.

ఆ చలికాలం గడిచింది. మళ్లీ ఎండలు వచ్చేసరికి జ్వరం పట్టుకుంది. దవాఖానలో కొన్నాళ్లు ఉంచి, ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. గుంటలోకి దిగే బలం పోయింది. వసారాలో మంచం వేసి, వెనక దిండ్లు పేర్చి, పక్కన ఆక్సిజన్ మిషన్ పెట్టాం. నేను సెలవు పెట్టాను. ఆయనకు ఒళ్లు తెలియనప్పుడు కూడా నా గొంతు ఆయనకు వినిపించేది. 'లోపలికి' అంటే ఛాతీ కొంచెం లేచేది. 'ఇగ ఇడువు' అంటే పెదవులు వాటంతట అవే సున్నాలా చుట్టుకునేవి. అంత నేర్చుకున్నాడు.

ఒక మధ్యాహ్నం అమ్మ ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఉంది, నేను తల దగ్గర ఉన్నాను. వాడంతా నిద్రపోతున్న వేళ. కళ్లు తెరిచి అమ్మ వైపు, తర్వాత నా వైపు చూశాడు. 'లోపలికి' అన్నాను, తీసుకున్నాడు. 'ఇగ ఇడువు' అన్నాను. విడిచాడు. సగంలో ఆపలేదు. కళ్లలో బెదురు లేదు. చాలాసేపు, నెమ్మదిగా, సారు చూస్తే మెచ్చుకునేంత నెమ్మదిగా, మొత్తం విడిచాడు.

'లోపలికి బాపూ' అన్నాను.

కాసేపాగి మళ్లీ అన్నాను. చేయి పట్టుకుని అన్నాను. బస్సులో వెనక సీటుకు వినిపించే గొంతుతో అన్నాను. పిలిస్తే వస్తుందని మాటిచ్చినదాన్ని నేను. ఇంకా ఎన్నిసార్లు అన్నానో తెలియదు. ఎప్పుడు లేచి వచ్చిందో, అమ్మ చేయి నా వీపు మీద పడింది. బాపు పోయాడని ఆమెకు నాకంటే ముందే తెలుసు. అప్పుడు కూడా ఆమె చూస్తున్నది ఆయన్ని కాదు, నన్ను. ఎప్పటి నుంచో నేను ఊపిరి తీయడం లేదు.

'ఇగ నువ్వు తీస్కో బిడ్డా' అంది అమ్మ, వీపు నిమురుతూ. 'లోపలికి... గట్లనే... ఇగ ఇడువు.'